గూడు విప్పి చూస్తే

“కిటికీ తుడిచేటప్పుడు ఆ మట్టిముద్ద కూడా కాస్త గీకి పారెయ్యి, చూడ్డానికి అసహ్యంగా ఉంది” అన్నారు మా ఆయన, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. ఆఫీసుకు బయల్దేరే ముందు ఆయన రోజూ తల్లి గది గుమ్మంలో ఒక్క నిమిషం నిలబడతారు. గడప దాటరు. “అమ్మా, వెళ్ళొస్తా” అంటారు. ఆ ఒక్క నిమిషంలోనే గదిలో ఏ పని మిగిలిపోయిందో ఆయన కంటికి ఇట్టే కనబడుతుంది. అలాంటి చూపు అందరికీ ఉండదు.

వంటింట్లోంచి మొద్దుబారిన కత్తి ఒకటి తెచ్చుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. చెక్క చట్రం లోపలి మూలన, సగం నిమ్మకాయంత ఉంటుందేమో, చిన్న పిడతలాంటిది. ఇంకా తడి ఆరలేదు. కత్తి ఆనించబోతుంటే చెవి పక్కన జుమ్మని చప్పుడైంది. కందిరీగ. దారప్పోగు లాంటి నడుము, పొట్ట మీద పసుపు చార, నోట్లో మిరియపు గింజంత మట్టి ఉండ. నన్నూ నా కత్తినీ లెక్క చెయ్యకుండా వచ్చి పిడత అంచు మీద వాలింది. ఆ ఉండని ముందుకాళ్ళతో పట్టుకుని, నోటితో నొక్కుతూ, అంచు చుట్టూ పల్చగా పరుచుకుంటూ వెళ్ళింది. పరుస్తున్నంతసేపూ తనలో తను పాడుకుంటున్నట్టు సన్నటి చప్పుడు.

“ఉంచు” అన్న మాట వెనక నుంచి వినబడింది.

మా అత్తగారు. మంచినీళ్ళు, నొప్పి, చాలు అనే మూడు మాటలు కాక ఆవిడ నాలుగో మాట అని వారం దాటింది. తిరిగి చూస్తే ఆవిడ కళ్ళు నా మీద లేవు, ఆ ఈగ మీద ఉన్నాయి. కత్తి తీసుకెళ్ళి వంటింట్లో పెట్టేశాను.

ఆవిడ అప్పుడు ఎడమవైపు తిరిగి పడుకుని ఉన్నారు. అంటే ఎనిమిదికీ పదికీ మధ్య అన్నమాట. గడియారం చూడకుండా ఆవిడ ఎటు తిరిగి ఉన్నారో చూసి టైము చెప్పగలను నేను. ఎనిమిది నెలల క్రితం స్నానాల గదిలో కూలబడిపోయారు. అప్పటి నుంచి కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనంలో లేవు, మాట ముద్దముద్దగా వస్తుంది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన మొదటి వారం ఒక నర్సమ్మ వచ్చి నాకు పని నేర్పి వెళ్ళింది. రెండు గంటలకోసారి ఒళ్ళు తిప్పకపోతే పుళ్ళు పడతాయమ్మా, పుళ్ళు పడితే మనిషి దక్కదు అంది. ఎడమ, కుడి, వెల్లకిల. ఆ మూడు మాటలూ టైములతో సహా గీతల కాగితం మీద రాసి తలుపుకి అంటించాను. తిప్పినప్పుడల్లా పెన్సిలుతో ఒక టిక్కు. కాగితం నిండితే కొత్త కాగితం. ఎనిమిది నెలల్లో ఆవిడ ఒంటి మీద ఒక్క పుండు లేదు. మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా వాళ్ళమ్మ వీపు చూసి, “వదిన చేతి ఒడుపు ఇంకెవరికొస్తుంది?” అంటుంది. మొదట్లో పొగడ్త అనుకుని పొంగిపోయేదాన్ని. ఆ మాటకి ఒక తాళం ఉందనీ, అది బయట నుంచి వేస్తారనీ ఆలస్యంగా తెలిసింది.

నర్సమ్మ మా ఆయనకి కూడా నేర్పుతానంది. కానీ మా అత్తగారు ఒప్పుకోలేదు. మాట సరిగా రాని ఆ రోజుల్లో కూడా, ఒక్కో ముక్కా కూడదీసుకుని చెప్పారు: “వాడు ముట్టుకోకూడదు. కొడుకు చేత ఒళ్ళు తిప్పించుకునే గతి నాకొద్దు.” అందరం తలూపాం. మా ఆయన మొహంలో ఒక బరువు దిగిపోయినట్టు కనిపించింది. అది కనిపించినా నాకు కోపం రాలేదు, నిజం చెప్పాలంటే. పెద్దావిడ మానం ఆవిడది. నా నడుం గురించి ఎవరూ మాట్లాడలేదన్న సంగతి నాకు కూడా అప్పుడు తట్టలేదు.

ఆ రోజు మధ్యాహ్నం ఆవిడకి జావ తాగిస్తుంటే మళ్ళీ కిటికీ వైపు చూసి, “పురుగు తెస్తుంది” అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆ కథ నాకు ఆవిడే చెప్పారు, ఇరవై ఆరేళ్ళ క్రితం, నేను ఈ ఇంటికి వచ్చిన మొదటి నెలలో. పుట్టింటి మీద బెంగతో గిన్నెలు తోముతూ ఏడుస్తుంటే పక్కన కూర్చుని చెప్పారు. కందిరీగ ఎక్కణ్ణుంచో ఒక పురుగుని తెచ్చి గూట్లో పెడుతుందట. పెట్టి, గూడు చుట్టూ జుమ్మంటూ తిరుగుతుందట. లోపలి పురుగు ఆ చప్పుడే వింటూ, భయంతోనో భక్తితోనో ఆ ఈగనే తలుచుకుంటూ, తలుచుకుంటూ, చివరికి తనూ కందిరీగ అయిపోయి గూడు పగలగొట్టుకుని ఎగిరిపోతుందట. “అత్తిల్లంటే అంతే అమ్మాయ్. ఈ ఇంటి చప్పుడు వింటూ ఉండు. నీకు తెలీకుండానే ఈ ఇంటిదానివైపోతావ్” అన్నారు. తర్వాత అదే కథ ఎన్నో ప్రవచనాల్లో విన్నాను. అక్కడ ఈగ దేవుడు, పురుగు మనం. విన్నప్పుడల్లా దణ్ణం పెట్టుకున్నాను. రెండు కథలూ నాకు ఒకటిగానే కలిసిపోయాయి. దేవుణ్ణి తలుచుకున్నట్టే ఈ ఇంటినీ తలుచుకుంటూ వచ్చాను.

ఇక నా సంగతి చెప్పాలి. దాన్ని వెనక్కి వెనక్కి నెడుతూ వచ్చానని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నెట్టడం నాకు బాగా వచ్చు.

గూడు మొదలవడానికి పది రోజుల ముందు స్నానం చేస్తుంటే కుడి చంక కింద ఏదో తగిలింది. బఠాణీ గింజంత. నేను అత్తగారు పడిపోకముందు పన్నెండేళ్ళు విత్తనాలు పరీక్షించే చోట పనిచేశాను. పరీక్షించేవాళ్ళు వేరే, నేను లెక్కపెట్టేదాన్ని. తడి కాగితం మీద వంద గింజలు వరసలుగా పేర్చి, చుట్టి, పెట్టెలో పెట్టి ఎనిమిదో రోజు విప్పాలి. మొలిచినవి ఎన్ని, వంకరగా మొలిచినవి ఎన్ని, కుళ్ళినవి ఎన్ని. మొలవకుండా, కుళ్ళకుండా ఊరికే పడి ఉండేవి కొన్ని మిగిలేవి. వాటిని పట్టకారుతో నొక్కి చూడాలి. మెత్తగా నలిగితే చచ్చినట్టు. గట్టిగా ఉంటే బతికున్నట్టు, నిద్రపోతోందని రాయాలి. ఆ పని అంటే నాకు ప్రాణం. “మొలకలు లెక్కపెట్టడం కూడా ఒక ఉద్యోగమేనా” అనేవారు మా ఆయన, నవ్వుతూనే. అత్తగారు మంచం పట్టినప్పుడు ఒక్క నెల సెలవడిగితే మా పై అధికారి, “నెల ఎందుకమ్మా, మానెయ్యండి. లెక్కపెట్టడానికి ఎవరో ఒకరు దొరుకుతార్లెండి” అన్నారు. ఆయన కూడా నవ్వుతూనే అన్నారు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ రోజు స్నానాల గదిలో నా వేళ్ళు వాటంతట అవే ఆ గింజని నొక్కి చూశాయి. నలగలేదు. గట్టిగా ఉంది. బతికుంది అనుకున్నాను. అలవాటుగా అనుకుని, ఆ తర్వాత సబ్బు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

అత్తగారికి మందులు తేవాలన్న వంకతో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళొచ్చాను. ఆవిడ చూసి, నా మొహం వంక చూడకుండా చీటీ రాసింది. “పెద్దాస్పత్రిలో సూదితో చిన్న ముక్క తీసి చూస్తారు. గురువారాలే చేస్తారు. తొమ్మిదికి అక్కడుండాలి, మధ్యాహ్నం దాటుతుంది. ఆలస్యం చెయ్యకండమ్మా. ఇలాంటివి చిన్నగా ఉన్నప్పుడే చూసుకోవాలి.” ఇంటికొస్తూ దారిపొడుగునా లెక్క వేశాను. తొమ్మిది నుంచి రెండు. పదింటి కుడివైపు పోతుంది, పన్నెండింటి వెల్లకిల పోతుంది, రెండింటి ఎడమవైపు పోతుంది. నా ప్రాణం గురించి చెప్పిన మాటకి నేను వేసుకున్న మొదటి లెక్క అది.

మా ఆయనకి చెప్పాను. అన్నం తింటున్న మనిషి చెయ్యి ఆపి చూశారు. “నొప్పుందా?” అన్నారు. లేదన్నాను. “నొప్పి లేకపోతే ఇంక కంగారెందుకు? మా ఆఫీసులో ఒకాయనకి ఒళ్ళంతా గడ్డలే. కొవ్వుగడ్డలట. మనిషి రాయిలా ఉన్నాడు.” ఒక ముద్ద తిన్నాక మళ్ళీ ఆయనే, “సెలవు పెట్టమంటే పెడతాననుకో. కానీ నేనుండి చేసేదేముంది, అమ్మని నేను ముట్టుకోకూడదాయె” అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. ఆ రాత్రి నాకు రెండు సార్లు దుప్పటి కప్పారు. నిద్రపోతున్నాననుకుని.

ఆడపడుచు వస్తానంది. మొదటి గురువారం ఏడున్నరకి నేను చీర కట్టుకుని సిద్ధంగా ఉంటే ఫోను. “ఏమీ అనుకోకు వదినా. మా ఆయనకి పొద్దుట్నుంచీ ఒకటే తుమ్ములు. ఆయన సంగతి తెలుసుగా, జలుబొస్తే చంటిపిల్లాడైపోతాడు. వచ్చే వారం తప్పకుండా.” చీర మార్చుకుని ఎనిమిదింటికి అత్తగారిని ఎడమవైపు తిప్పాను. తుమ్ములకి తోడు మనిషి కావాలి. మా అమ్మాయికి చెబుదామా అనిపించింది. వేరే ఊళ్ళో కొత్త ఉద్యోగం దానిది. చెబితే పరిగెత్తుకుంటూ వస్తుంది. వచ్చి ఈ మంచం పక్కన నిలబడుతుంది. నా జాగాలో. అది తలుచుకోగానే ఫోను పక్కన పెట్టేశాను.

చీటీని దేవుడి పటం వెనక దాచాను. ఆ పని చేసేటప్పుడు ఎంతో హాయిగా అనిపించింది, భారం ఆయన మీద వేశానని. ఆ సాయంత్రమే కిటికీలో రెండో పిడత కూడా తయారై ఉంది. దీపం వెలిగించి ఒక మాట అనుకున్నాను. ఈ గూట్లోంచి ఒక్క పిల్ల క్షేమంగా ఎగిరిపోతే నాకూ ఏమీ లేదని నమ్ముతాను స్వామీ, అప్పటిదాకా నన్ను ఎక్కడికీ వెళ్ళమనకు. దాన్ని మొక్కు అనుకున్నాను. భయం కూడా కళ్ళు మూసుకుని చేతులు జోడించుకునే కూర్చుంటుందనీ, చూసేవాళ్ళకే కాదు, కూర్చున్నవాళ్ళకి కూడా అది భక్తిలాగే కనిపిస్తుందనీ అప్పుడు తెలియలేదు.

ఆ తర్వాత మా ఇద్దరికీ ఆ కిటికీయే లోకం. ఎడమవైపు తిప్పే టైము కోసం మా అత్తగారు ఎదురుచూసేవారు. నేను బియ్యం చాటా, బట్టలూ అన్నీ ఆ గదిలోకే తెచ్చుకుని పని చేసుకునేదాన్ని. ఈగ ఒక పచ్చ పురుగుని పొట్ట కింద వాటేసుకుని వచ్చేది. తన కన్నా పొడుగు. పిడత మూతిలోంచి తోసి, తలతో కుక్కి, మళ్ళీ వెళ్ళేది. ఒక్కో పిడతలో ఐదారు. అయ్యాక మూతికి మట్టి పెట్టి, పక్కనే ఇంకొకటి మొదలు. ఎండైనా, గాలైనా. ఒకసారి మట్టి ఉండ జారి కింద పడిపోతే మా అత్తగారు “అయ్యో” అన్నారు. ఎనిమిది నెలల్లో ఆవిడ మరొకరి కోసం అన్న మొదటి అయ్యో అది. పది పన్నెండు రోజుల్లో ఐదు పిడతలు కట్టింది. ఆఖర్న వాటన్నిటి మీదా మొత్తంగా మట్టి పూసి, ఎవరో విసిరికొట్టిన ముద్దలా చేసేసింది. మా ఆయన అన్నది నిజమే. చూసినవాళ్ళకి అసహ్యం వెయ్యాలనే అది అలా చేసినట్టుంది.

ఇక అప్పుడు అది గూడు చుట్టూ తిరుగుతూ పాడాలి. కథ ప్రకారం అసలు పని అదే. మేమిద్దరం ఎదురుచూశాం. ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. “ఏదీ?” అన్నారు మా అత్తగారు మూడో రోజు. “వస్తుంది లెండి అత్తయ్యా, అలిసిపోయి ఉంటుంది” అన్నాను. ఈగ వాటేసుకొచ్చిన ఏ పురుగు గురించీ మేమిద్దరం ఒక్కసారి కూడా అనుకోలేదు. రెండో గురువారం ఈలోగా వచ్చి వెళ్ళిపోయింది. ఆడపడుచు వస్తానని ఫోను చేస్తే నేనే వద్దన్నాను. గూడు తెరుచుకోలేదుగా ఇంకా.

ఆదివారం పొద్దున్న మా ఆయన కర్టెను కడ్డీ సరిచేస్తానని కిటికీ కింద స్టూలు వేసుకుని ఎక్కారు. తల్లి మంచం ఉన్న గదిలో ఆయన చేసే పనులన్నీ గోడల మీదే ఉంటాయి. కడ్డీ కొస జారి గూటికి తగిలింది. చివర కట్టిన పిడత పెళుక్కున విరిగి కిటికీ గట్టు మీద పడింది. “పోన్లే, పీడా పోయింది. మిగతాది కూడా గీకెయ్యనా?” అన్నారు. “దిగండి” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆయన దిగిపోయారు.

వంగి చూశాను. పెంకుల మధ్య ఐదు పచ్చ పురుగులు. వాటి మీద ఆనుకుని ఇంకొకటి, తెల్లగా, కళ్ళూ కాళ్ళూ లేకుండా, బియ్యపు గింజకి రెండింతలు. ఆ తెల్లది ఒక పచ్చదాని పక్కటెముకల దగ్గర మూతి పెట్టి ఉంది. అంటే, పురుగుకి పక్కటెముకలు ఉండవు, నాకు అలా అనిపించింది. పచ్చవి ఎప్పుడో చచ్చి ఉంటాయనుకున్నాను. చచ్చి నాలుగైదు రోజులైతే ఎండాలి, లేదా కుళ్ళాలి. అవి ఇంకా తాజా ఆకుల్లా నిగనిగలాడుతున్నాయి. లోపలికి వెళ్ళి కుట్టుపెట్టెలోంచి పట్టకారు తెచ్చాను. తెల్లది మూతి పెట్టనిదాన్ని ఒకదాన్ని మెల్లగా నొక్కాను. మెత్తగా నలగలేదు. తోక దగ్గర సన్నగా ఒక వణుకు. ఇంకోదాన్ని నొక్కాను. వణుకు. అన్నీ బతికే ఉన్నాయి. కదల్లేవు, అంతే. చస్తే కుళ్ళిపోతాయి, పిల్లకి పనికిరావు. కదిలితే పిల్లని తోసేస్తాయి. అందుకని ఈగ వాటిని చావకుండా, కదలకుండా ఉండేంత మేరకే కుట్టి తెచ్చింది. ఎంత కొలత తెలిసిన చెయ్యి అది.

అది జుమ్మంటూ తిరగదు. దానికి అవసరం లేదు. పురుగు దేన్నీ తలుచుకుంటూ దేనిలాగా మారిపోదు. గూట్లో పురుగుని పెట్టి మూసెయ్యడం ఒకరు చూశారు, అందులోంచి ఈగ రావడం ఒకరు చూశారు. మధ్యలో ఏం జరిగిందో కథ చెప్పినవాళ్ళు ఎవరూ విప్పి చూసి ఉండరు.

పదింటికి అత్తగారిని కుడివైపు తిప్పాను. టిక్కు పెట్టాను. పొయ్యి మీద అన్నం పొంగుతుంటే మూత తీశాను. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి కానీ నా లోపల ఏదీ కుదురుగా లేదు. ఈగ మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. దాని పాపం ఏముంది. తన కడుపున పుట్టేదాని కోసం అది అలా చెయ్యాలని దేవుడే నేర్పాడు. చేసి, మూతి మూసి, ఇటు చూడకుండా ఎక్కడికో పోయి ఈపాటికి చచ్చిపోయి కూడా ఉంటుంది. తెల్లదాని తప్పూ లేదు. ఈ లోకం నడవాలంటే ఒకటి ఇంకొకదాని నోట్లో పడాలి, అంతవరకూ నాకు దేవుడితో తగువు లేదు. కానీ నేను ఆయన్ని ఏమడిగాను? పిల్ల క్షేమంగా ఎగరాలని. పిల్ల క్షేమంగానే పెరుగుతోంది. మరి నేను ఈ గూట్లో ఎవర్ని? ఇరవై ఆరేళ్ళు ఈ ఇంటి చప్పుడు విన్నాను. ఈ ఇంటిదాన్ని అయ్యానా? చంక కింద చెయ్యి పెట్టి చూసుకున్నాను. బఠాణీ గింజ ఇప్పుడు చిక్కుడు గింజంత ఉంది. గట్టిగా, బతికి. అది కూడా పెరుగుతోంది కదా క్షేమంగా. చావు అంటే ఎప్పుడో ఒకనాడు తలుపు తోసుకుని వచ్చేదనుకున్నాను ఇన్నాళ్ళూ. మూసిన గదిలో పక్కన ఆనుకుని, నేను తాజాగా ఉండగానే, తొందర లేకుండా కూర్చుని ఉంటుందనుకోలేదు.

మూడో గురువారానికి నాలుగు రోజులుంది. ఆడపడుచుకి నేనే ఫోను చేశాను. “అయ్యో వదినా, కిందటి వారం వస్తానంటే నువ్వే వద్దన్నావ్. ఈ వారం మేం ఊరెళ్తున్నాం కదా. అయినా నువ్వుండగా మాకు అమ్మ గురించి బెంగే లేదు, అందుకే హాయిగా టిక్కెట్లు కొనేసుకున్నాం” అంది. ఆ ఒక్క మాటా అది నిజంగా ప్రేమతోనే అంది.

మంగళవారం పదింటికి అత్తగారిని తిప్పుతున్నాను. ఎప్పట్లాగే ఆవిడ ఎడమ చెయ్యి నా భుజం మీద వేసుకుని, మోకాలు మడిచి, తుంటి కింద చెయ్యి పెట్టి నా వైపు లాగాను. ఆవిడ చెయ్యి భుజం మీంచి జారి నా చంక కిందికి వెళ్ళింది. అక్కడే ఆగింది. వేళ్ళు ఒకసారి తడిమాయి. పిల్లల్ని కన్న చెయ్యి, ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళని ఆఖరి దాకా సాకి సాగనంపిన చెయ్యి. దానికి తెలియనిది ఏముంటుంది.

“ఏంటిది?”

“ఏం లేదత్తయ్యా.”

“ఎన్నాళ్ళు?”

చెప్పాను. డాక్టరమ్మ మాట, చీటీ, రెండు గురువారాలు, మొక్కు, అన్నీ. ఆవిడ వెల్లకిలా మధ్యలోనే ఆగిపోయి వింటున్నారు. నేను కూడా సగం వంగి అలాగే చెప్పాను. అంతా విని, నేను అనుకోని మాట అడిగారు. “గూట్లో ఏముంది?”

ఆదివారం నేను పట్టకారుతో నొక్కడం ఆవిడ మంచం మీంచి చూశారు. నేను చెప్పలేదు. ఈ వయసులో ఆవిడకెందుకని. ఇప్పుడు చెప్పేశాను. పురుగు ఈగ అవదు అత్తయ్యా, తెల్లపిల్ల దాన్ని బతికుండగానే తింటుంది, పురుగు చూస్తూ ఉంటుంది.

ఆవిడ పైకప్పు వైపు చూశారు. “మా అత్త చెప్పింది నాకు” అన్నారు. ఊపిరి తీసుకుని, “నేను నీకు చెప్పాను” అన్నారు. మళ్ళీ ఊపిరి. “ఎవరమూ చూళ్ళేదు.”

కంటి కొసలోంచి ఒక చుక్క జారి చెవిలోకి పోయింది. పమిట కొంగుతో తుడిచాను. ఇంకేమీ అనరేమో అనుకుని ఆవిణ్ణి మిగతా సగం తిప్పబోతుంటే నా జబ్బ పట్టుకుని ఆపారు.

“వాడికి నేర్పు.”

“ఎవరికి?”

“వాడికే. నన్ను తిప్పడం.”

“మీరు వద్దన్నారు కదా అత్తయ్యా. ఆయన ముట్టుకోవచ్చా?”

ఆవిడ మొహంలో ఏదో ఒకటి గట్టిగా పెనుగులాడి తగ్గింది. నా కన్నా ఎక్కువ విడిచిపెడుతున్నది ఆవిడే అనిపించింది ఆ క్షణాన.

“నేను కళ్ళు మూసుకుంటాలే” అన్నారు.

బుధవారం ఆయన ఆఫీసు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోగానే చెప్పాను. రేపు సెలవు పెట్టండి, ఇప్పుడు లోపలికి రండి. “నా వల్ల కాదోయ్” అన్నారు గుమ్మంలో నిలబడి. “ఎముక విరిగితే? నీకైతే చేతి ఒడుపు ఉంది.”

“చేతి ఒడుపు కాదండీ. మోకాలు మడవాలి, అంతే. రండి.”

ఆయన లోపలి వైపు చూశారు. తల్లి అప్పటికే కళ్ళు మూసుకుని ఉన్నారు. గడప దాటారు. ఆయన చేతులు పట్టుకుని ఒకటి ఆవిడ భుజం కిందా, ఒకటి తుంటి కిందా పెట్టాను. మొదటిసారి దిండు కింద పడింది. రెండోసారి ఆయనే మంచం మీద పడబోయారు. మూడోసారికి చొక్కా చెమటతో వీపుకి అంటుకుపోయింది. నాలుగోసారి ఆవిడ మెల్లగా, సరిగ్గా, కుడివైపు తిరిగారు. కళ్ళు తెరవకుండానే, “గోళ్ళు తీసుకో” అన్నారు కొడుకుతో. ఆయన ఏడుపూ నవ్వూ కానట్టు ఒక చప్పుడు చేశారు.

చేతులు తుడుచుకుంటూ ఆయన తలుపు దగ్గర ఆగారు. ఎనిమిది నెలలుగా అక్కడే వేలాడుతున్న కాగితాన్ని మొదటిసారి చదివారు. వేలితో కిందికి జరుపుకుంటూ వెళ్ళి, “ఇదేంటి, రాత్రి రెండింటికి కూడానా?” అన్నారు. “నాలుగింటికి కూడా” అన్నాను. ఆయన వేలు అక్కడే ఉండిపోయింది.

గురువారం పొద్దున్న ఎనిమిదింటికి ఆవిడని ఎడమవైపు నేనే తిప్పాను. “చూడు” అన్నారు ఆవిడ. మట్టిముద్దలో, మొదట కట్టిన పిడత ఉన్నచోట, గుండ్రటి చిన్న కంత. చుట్టూ కాస్త మట్టిపొడి. పిల్ల ఎగిరిపోయింది. నేను మొక్కుకుని కాచుకుని కూర్చున్న గుర్తు వచ్చి వెళ్ళిపోయింది. నిన్న సాయంత్రం మేం ముగ్గురం మోకాలు మడిచే తంటాల్లో ఉన్నప్పుడే అయ్యుండాలి. ఆవిడ కళ్ళు మూసుకుని ఉన్నారు, నేను కిటికీ వైపు చూడలేదు. కంతలోకి తొంగి చూడాలని కూడా నాకు అనిపించలేదు.

దీపం పెట్టి, పటం వెనక నుంచి చీటీ తీసుకున్నాను. అంచుకి నూనె మరక అంటింది, అక్షరాలు మాత్రం బాగానే ఉన్నాయి. స్వామీ, ఫలానాలా అయితేనే వెళ్తానని ఇక నిన్ను బేరమాడను, ఏముందో విప్పి చూసుకొస్తాను, ఏదైనా సరే అనుకున్నాను. అంతకన్నా పొడుగు ప్రార్థన రాలేదు. సంచిలో మంచినీళ్ళ సీసా, చీటీ పెట్టుకుని బయటి గదిలోకి వచ్చాను.

మా ఆయన కుర్చీలో బిగుసుకుని కూర్చుని ఉన్నారు, పరీక్షకి వచ్చినవాడిలా. గోళ్ళు పొట్టిగా తీసుకున్నారు. నేను చెప్పులు వేసుకుంటుంటే లేచి నిలబడ్డారు.

“మరి నువ్వెప్పుడొస్తావ్?” అన్నారు.

పెన్సిలు ఆయన చేతిలో పెట్టాను.

“పదింటికి కుడివైపు” అన్నాను.